మీసాల చేపకు ఒక మడి
(ఇంట్లో మార్పు చేపల పెంపకం, పిల్లల ఉత్పత్తి)

— బి.యస్సీ. (బి.జెడ్.సి.) తృతీయ సంవత్సరం విద్యార్థి, ఖిలా వరంగల్

మా ఇంటికి ఎవరు వచ్చినా అద్దాల తొట్టి దగ్గర నిలబడి మొదట అడిగే మాట ఒకటే: "గిండ్ల రంగు చేపలేవి?" ఎర్రవి, పచ్చవి కనబడక, అడుగున పగిలిన కుండలో నుంచి రెండు మీసాలు మాత్రం బయటికి కదులుతుంటే చూసి నవ్వుతారు. "ఇవి మార్పులు గదా! కూర వండుకునేటియి ఇట్ల సాదుకుంటరా?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

మాది వ్యవసాయ కుటుంబం. మట్టికోటకూ రాతికోటకూ నడుమ మాకు కొద్దిపాటి పొలం ఉంది. మృగశిర కార్తె నాడు చేపలు తినాలన్నది మన ప్రాంతపు ఆచారం గదా! మా తాత చిన్నతనంలో ఆ రోజు చేపల కోసం అంగడికి పోయేవారు కాదట. తొలకరి వానకు కాలువల వెంట ఎదురెక్కి వచ్చిన మార్పులను మడిలోనే గంపతో పట్టేవారట. నా చిన్నతనంలో నేను అట్లా చూసింది రెండు మూడుసార్లే. ఇప్పుడు మా బాపు కూడా అంగడికే పోతున్నారు. ఆ చేప ఏమైంది అనే ప్రశ్నతోనే నా తొట్టి మొదలైంది.

మీసాల జాతి

తలకు మీసాలుండి, ఒంటికి పొలుసులు లేని చేపలను ఇంగ్లీషులో క్యాట్‌ఫిష్ అంటారు. జంతుశాస్త్రంలో ఇవి సిలూరిఫార్మిస్ అనే క్రమానికి చెందినవి. ప్రపంచంలో మూడు వేలకు పైగా జాతులున్నాయి. మన చెరువుల్లో దొరికే వాలుగ, జెల్ల, ఇంగిలాయి, మార్పు అన్నీ ఈ బంధువర్గమే. మన దేశపు మార్పును ఇదివరకు క్లారియస్ బట్రాకస్ అని చదువుకునేవారు. ఇప్పుడు దాన్ని క్లారియస్ మాగుర్ అనే వేరు జాతిగా గుర్తిస్తున్నారు.

దీని మీసాలు అందానికి కావు. నాలుగు జతలుంటాయి. వాటి నిండా రుచిని గ్రహించే మొగ్గలు ఉంటాయి. మీసాల మీదనే కాదు, చర్మం మీద కూడా ఉంటాయి. అంటే మనం నాలుకతో రుచి చూస్తే ఇది ఒళ్లంతా నాలుక చేసుకొని బతుకుతుందన్నమాట. అందుకే బురదనీళ్లలో, చీకట్లో, కంటితో పనిలేకుండా మేత వెతుక్కోగలదు.

రెండవ విశేషం దాని ఊపిరి. మొప్పలకు పైన ఉన్న గదిలో ఎర్రని కొమ్మల చెట్టులాంటి అవయవం ఒకటి ఉంటుంది. చేప పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి పోతే ఆ కొమ్మలలోని రక్తం అందులోని ప్రాణవాయువును పీల్చుకుంటుంది. ఇంగిలాయికి ఈ చెట్టు లేదు. దాని బదులు మొప్పల గది నుండి వెన్ను కండరాలలోకి పొడవుగా పోయే రెండు గాలి గొట్టాలుంటాయి. ప్రాక్టికల్ పరీక్షలో ఈ రెంటినీ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకున్న వారిలో నేనూ ఒకణ్ణి. ఇంట్లో పెంచిన తరువాత మళ్లీ ఆ పొరపాటు జరగలేదు.

తొట్టి ఏర్పాటు

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న తొట్టి ఒక జతకు సరిపోతుంది. అందులో దాదాపు వంద లీటర్ల నీళ్లు పడతాయి. వంద లీటర్లంటే వంద కిలోల బరువు. దానికి తోడు అద్దం, ఇసుక. కావున బల్ల గట్టిగా ఉండాలి. అడుగున పదునులేని సన్నని ఇసుక రెండు వేళ్ల మందం వేయాలి. పదును రాళ్లు వేస్తే మీసాలు కోసుకుపోతాయి. దాక్కోవడానికి ఒక పగిలిన కుండో, మట్టి గొట్టమో పెడితే చాలు. వెలుతురు తక్కువగా ఉండాలి.

నల్లా నీళ్లయితే వెడల్పాటి గాబులో ఒక రోజు నిలవబెట్టి పోస్తే క్లోరిన్ చాలామటుకు పోతుంది. తొట్టి నిండా నీళ్లు పోయరాదు. పైన నాలుగు వేళ్ల జాగా వదలాలి. గాలి మింగడానికి చేప పైకి వస్తుంది గదా! ఆ దారి మూసేస్తే నీళ్లలో ఉండే చేప కూడా ఊపిరాడక చచ్చిపోగలదు.

మూత మాత్రం తప్పనిసరి. ఒకనాటి రాత్రి నేను మూత వేయడం మరిచిపోయాను. తెల్లవారి చూస్తే తొట్టిలో ఒకటే చేప. ఇల్లంతా వెతికితే రెండవది వడ్ల బస్తాల వెనుక దుమ్ముకొట్టుకొని పడి ఉంది. చచ్చిందనుకొని తీస్తే తోక కొట్టింది! కడిగి నీళ్లలో వేస్తే సాయంత్రానికి మేత తిన్నది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు గాలితోనే బతకగల శక్తి దానిది. ఈత రెక్కల ముళ్లు ఆనించుకుంటూ నేల మీద పాకుతుంది కూడా.

ఆ ముళ్లతో జాగ్రత్త. మార్పుకూ ఇంగిలాయికీ రొమ్ము రెక్కల ముందు విషపు ముల్లు ఉంటుంది. ఇంగిలాయిది మరీ ఘాటు. గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగితే డాక్టరు దగ్గరికి పోవాలి.

మేత, నీళ్లు

వానపాములంటే మార్పుకు ప్రాణం. అవి దొరకనప్పుడు తవుడు, పల్లి చెక్క కలిపి ఉడికించిన ముద్ద, ఉడికిన గుడ్డు ముక్కలు వేయవచ్చు. చీకటి పడ్డాక ఒకపూట, అరగంటలో తిని ముగించేటంత మాత్రమే వేయాలి. మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. అయితే ఇసుకలో చేరే ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగాను, మరొక రకం దాన్ని అంత హాని లేని నైట్రేటుగాను మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ జీవులు పెరగటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి నెలలోనే చేపలు చచ్చిపోతున్నవని చాలామంది బాధపడేది ఇందుకే. వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మార్చాలి. మొత్తం నీళ్లు పారబోసి, ఇసుకను తోమి తోమి కడిగితే ఆ ఉపకారి జీవులను కూడా కడిగేసినట్లే.

పొలుసులు లేని ఒళ్లు గనుక మందులు తొందరగా ఎక్కుతాయి. మిగతా చేపలకు వాడే మోతాదు వీటికి వాడరాదు.

పిల్లల ఉత్పత్తి

అద్దాల తొట్టిలోనే పిల్లలు పెట్టే మీసాల చేప కావాలంటే కోరిడోరాస్ తెచ్చుకోవచ్చు. దక్షిణ అమెరికాకు చెందిన రెండంగుళాల చేప అది. వారం రోజులు మంచి మేత పెట్టి, ఆపైన కొంచెం చల్లని నీళ్లు పోస్తే వానాకాలం వచ్చిందని భ్రమపడి గుడ్లు పెడుతుంది. ఆడది పొత్తి రెక్కలను దోసిలిలా చేసి రెండు మూడు గుడ్లు పట్టుకొని పోయి అద్దానికి అంటిస్తుంది. తల్లిదండ్రులే గుడ్లను తినేస్తాయి కావున వాటిని వేరు చేయాలి. నాలుగైదు రోజులలో పిల్లలవుతాయి.

మార్పుతో ఇంత సులువు కాదు. ఆడమగ గుర్తు తెలుసుకోవడం మాత్రం కష్టం లేదు. మగదానికి జననాంగపు మొన సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఆడదానికి గుండ్రంగా ఉండి, వానాకాలంలో పొట్ట ఉబ్బుతుంది. కాని తొట్టిలో ఎంత కాలముంచినా గుడ్లు పెట్టడం అరుదు. దానికి కొత్త నీటి వరద కావాలి, ఒడ్డు కావాలి, బొరియ కావాలి.

హేచరీలలో ఇంజక్షన్ పద్ధతి ఉంది. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, సహచరులు పీయూష గ్రంథి రసంతో పెద్దజాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. మార్పుకూ ఆ దారే. ఆడచేపకు హార్మోను ఇచ్చి, పదహారు పదిహేడు గంటల తరువాత పొట్ట నొక్కి గుడ్లు తీస్తారు. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఈ పనిలో పేరు పొందింది. అయితే ఒక చిక్కు ఉంది. మగ మార్పు పొట్ట నొక్కితే వీర్యం రాదు. దాన్ని కోసి, వృషణాలు తీసి నూరి గుడ్లకు కలపాలి. అంటే పిల్లలు పుట్టాలంటే తండ్రి చావాలి. వేల పిల్లలు కావలసిన హేచరీకి అది తప్పకపోవచ్చు. కాని చేతి నుంచి వానపాము అందుకొని తినే చేపను కోయడానికి నాకు మనసొప్పలేదు. లాబులో ఎన్ని కప్పలను కోసిన చెయ్యో, ఇక్కడ మాత్రం వెనక్కు వచ్చింది.

ఒక మడి కథ

ప్రకృతిలో తండ్రి పని వేరు. వరద నిండిన మడి గట్టులో, నీటి మట్టానికి కింద బొరియలో ఆడచేప గుడ్లు పెట్టి పోతే, కాపలా ఉండేది మగదే. థాయ్‌లాండు రైతులు ఇది గమనించి చెరువు గట్లకు బొరియలు తవ్వి, మొదట నీళ్లు తగ్గించి, తరువాత ఒక్కసారి మట్టం పెంచి గుడ్లు పెట్టించేవారు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మాకు మడి ఉంది, గట్టు ఉంది. లేనిదల్లా బాపు అనుమతి.

పోయిన వానకాలం నాట్లయ్యాక బావి పక్క మడిలో ఒక మూల మోకాలి లోతు గుంత తీసి, గట్టుకు జానెడు వెడల్పున మూడు బొరియలు చేశాను. చెరువులో వల వేసే మామ ఒకరు ఇచ్చిన రెండు జతలను వదిలాను. నెల తిరగకముందే చేనుకు మొగి పురుగు తగిలింది. బాపు మందు డబ్బా భుజానికెత్తుకున్నారు.

"ఈ ఒక్క మడి ఇడిసిపెట్టు బాపూ" అన్నాను.

"చేపలను సూసుకుంట కూసుంటే వడ్లు నడిసొస్తయా?" అన్నారు.

నాకు జవాబు దొరకలేదు. ఆ వడ్లతోనే నా కాలేజీ ఫీజు కడతారని నాకు తెలుసు. బాపు కాసేపు గట్టు మీద కూర్చున్నారు. తరువాత లేచి, పై మడుల నీళ్లు ఇటు రాకుండా పారతో కాలువ మళ్లించారు. మిగతా మడులకే మందు కొట్టారు. "సరె, నీ సదువు సంగతేందో సూద్దాం" అన్నారు.

ఆ మడిలో తెల్లకంకులు వచ్చి రెండు బస్తాలు తక్కువ పండింది. మూడు బొరియలలో రెండు ఖాళీ. మూడవదాని ముందర మగచేప కదలకుండా నిలబడి ఉండేది. దగ్గరికి కట్టె పెడితే మీదికి వచ్చేది. పదిరోజుల తరువాత టార్చి వేసి చూస్తే నల్లని పిల్లలు, కప్పపిల్లలేమో అనుకునేటట్లు, గుంపుగా కదులుతున్నాయి. కొంగలు, పాములు తినగా మిగిలినవి ముప్పై ఏడు. వాటిని తొట్టికి తెచ్చాను. మొదట చూసింది మా బాపే. ఆ రాత్రి తవుడు ముద్ద కూడా ఆయనే కలిపారు.

మనం చేయవలసినవి

మార్పు ఈనాడు అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ జాబితాలో ఉంది. నీటి గుంతలు పూడిపోవడం, మడులలో మందులు, అతిగా పట్టడం ఇందుకు కారణాలు. దానికి తోడు అంగట్లో మార్పు పేరుతో వచ్చేది చాలాసార్లు ఆఫ్రికా జాతి. మన దేశంలో దాని పెంపకాన్ని నిషేధించారు. అది కనబడిన చేపనల్లా మింగే రాక్షసి. కిలోకు మించి పెరిగిందన్నా, ఒంటి మీద చలువరాతి మచ్చలున్నాయన్నా అనుమానించాలి. మన మార్పు సాధారణంగా పావుకిలో లోపే ఉంటుంది.

పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల నాటివి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో మన జిల్లాలో ఎన్నో చెరువుల పూడిక తీశారు. 2016 నుండి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదలడం మొదలుపెట్టింది. వాటిలో ముఖ్యమైనవి బొచ్చె, రవ్వు వంటి పెద్దజాతులు. మార్పు కోసం మాత్రం రైతే ఒక మూల వదలాలి.

చివరగా హాస్టలు మిత్రులకు ఒక మనవి. గది తొట్టిలో పెంచే సక్కర్ ఫిష్ పెద్దదైందని భద్రకాళి చెరువులో వదలకండి. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఆ చేప గట్లకు బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మన దేశంలో ఇప్పటికే పలు నీటి వనరులలో పాతుకుపోయింది. పెంచలేకపోతే కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి.

నా తొట్టిలో పిల్లలు ఇప్పుడు వేలెడంత అయినాయి. రాబోయే మృగశిరకు వాటిలో సగం మళ్లీ ఆ మడికే పోతాయి. ఈసారి బొరియలు ఐదు చేద్దామని బాపే అన్నారు. చూడదలచిన వారు చీకటి పడ్డాక మా ఇంటికి రండి. పగలు వస్తే మీసాలు తప్ప ఏమీ కనబడవు.