వజ్రపు నివేదిక: అపోహలు – వాస్తవములు

వజ్రపుటుంగరమునో, రవ్వల కమ్మలనో కొనబోవు గృహస్థునకు వర్తకుడు నగతోపాటు ప్రయోగశాలవారి నివేదిక నొకదానిని చేతికిచ్చుట నేడు పరిపాటి. దానినే సర్టిఫికెట్టని వ్యవహరించుచు, రాతి వెలకు అది పూచీ యనియు, మరల అమ్మబోయిన నాడు ఆ పత్రమును చూచి పూర్తి మూల్యము నిత్తురనియు మనలో ననేకులు విశ్వసించుచున్నారు. ఇంతకంటె నష్టము తెచ్చు అపోహ వేఱొకటి లేదు. 1931లో అమెరికాలో స్థాపితమై, 1955 నుండి ఇట్టి నివేదికల నిచ్చుచున్న జి.ఐ.ఏ. సంస్థ రాతి బరువును, వర్ణమును, స్వచ్ఛతను, కొలతలను వివరించునే గాని వెలను గూర్చి యొక్క మాటయైన వ్రాయదు.

జి.ఐ.ఏ. వారి వర్ణశ్రేణి డి అక్షరముతో మొదలగుట చూచి, అంతకు మేలైన ఏ, బీ, సీ రకములు వేఱుగా నున్నవని శంకించువారు కలరు. పూర్వము వ్యాపారులు ఆ యక్షరములను ఎవరికి తోచినట్లు వారు వాడియుండుటచే, వానిని విడిచి డి తో ఆరంభించిరి. డి యనగా వర్ణరహితము. జెడ్ వైపు జరిగినకొలది పసుపుచాయ హెచ్చును.

ఇక దోషభయము. బిందువు, రేఖ, కాకపదము మొదలగు వజ్రదోషములను ప్రాచీన రత్నపరీక్షకులు ఏనాడో పేర్కొనియుండుటచే, మచ్చ లేశమైనను లేని రాయియే కావలెనను పట్టుదల మన యిండ్లలో బలముగా నాటుకొన్నది. కాని నివేదికలోని స్వచ్ఛత పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దముక్రింద నిర్ణయించునది, వి.ఎస్. (అనగా అత్యల్పదోష) శ్రేణిలోని మచ్చలు సాధారణముగా వట్టి కంటికి కానరావు. ఉదాహరణమునకు, కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో దొరకినదని చరిత్రకారులు తలచు నీలవజ్రమును ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1668లో ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ కమ్మెను. దానినుండి కోయబడి, హోప్ వజ్రమను పేర 45.52 క్యారెట్ల తూకముతో నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థలో నున్న జగద్విఖ్యాతరత్నమునకు జి.ఐ.ఏ. వారిచ్చిన స్వచ్ఛత వి.ఎస్.1, అనగా నిర్దోషమునకు నాలుగు మెట్లు దిగువ! కంటికి కనబడని మచ్చ లేకుండుటకై వేలు, లక్షలు అధికముగా వెచ్చించుట అవివేకమని నా నిశ్చితాభిప్రాయము.

ఆ ధనమును కోతమీద పెట్టుట మేలు. క్యారెట్టనగా 200 మిల్లీగ్రాముల బరువే గాని పరిమాణము గాదు. అడుగుభాగము మిక్కిలి లోతుగా కోసిన రాతిలో బరువు క్రింద దాగి, పైముఖము చిన్నదగును, వెలుగు మందగించును.

ప్రయోగశాలలో పెంచిన వజ్రము నకిలీ యనుటయు పొరపాటే. అదియు స్వచ్ఛమైన అంగారస్ఫటికమే. అయినను దాని వెల గనివజ్రపు వెలకంటె మిక్కిలి తక్కువ గనుక, నివేదికలో రాయి గనిదో, పెంచినదో తెలుపు పంక్తిని మొట్టమొదట చదువవలెను. శ్రేణినిర్ణయము చాలవరకు మానవనేత్రము చేయు పని యగుటచే, ఒకే రాతికి రెండు సంస్థలు రెండు శ్రేణుల నీయవచ్చును. కావున ధరలను పోల్చునపుడు ఒకే సంస్థ నివేదికలను పోల్చుడు.

ఇక నగమీది హాల్‌మార్కు బంగారపు స్వచ్ఛతకు మాత్రమే గుర్తు. రాతిని గూర్చి అది యేమియు చెప్పదు. పెక్కు రాళ్ల నడుము అంచున నివేదికాసంఖ్యను లేజరుతో సూక్ష్మముగా చెక్కియుందురు. పైకము చెల్లించుటకు ముందే ఆ సంఖ్యను భూతద్దముతో చూపుమని యడిగి, సంస్థవారి వెబ్‌సైటులో సరిచూచుకొనుడు. చూపుటకు నిరాకరించిన దుకాణములో వజ్రము కొనవలదు.