పెద్ద కంపెనీ చేతిలో జల్లెడ... చిన్న కంపెనీ చేతిలో గీటురాయి

గన్నవరం: ఊళ్లో ఎవరి అబ్బాయి ఇంజినీరింగ్ పూర్తిచేసినా రచ్చబండ మీద మొదటి ప్రశ్న ఒక్కటే. 'ఏదైనా కంపెనీలో వచ్చిందా?' ఆ కంపెనీ ఏం చూసి మనిషిని తీసుకుంటుందన్న సంగతి అడిగేవారు మాత్రం అరుదు. ఉద్యోగం దక్కేదీ లేనిదీ చాలావరకు అక్కడే తేలిపోతోంది.

పెద్ద కంపెనీలకు ఒకేసారి వేలాది మంది కావాలి. అందరినీ పిలిచి మాట్లాడే తీరిక ఉండదు. అందుకే ముందు జల్లెడ పడతాయి. టీసీఎస్ 2018 నుంచి దేశమంతటికీ ఒకే అర్హత పరీక్ష పెడుతోంది. పది, ఇంటర్, డిగ్రీల్లో సాధారణంగా 60 శాతం మార్కులు ఉండాలి. పదో తరగతిలో 58 తెచ్చుకున్న కుర్రాడు తర్వాత ఎంత పని నేర్చినా ఈ గడప దాటడం కష్టం. దాటినవారికి పని నేర్పే భారం కంపెనీదే. ఇందుకోసం ఇన్ఫోసిస్ మైసూరులో పెద్ద శిక్షణ కేంద్రాన్నే నడుపుతోంది.

స్టార్టప్‌ల లెక్క వేరు

పది మంది ఉన్న స్టార్టప్‌లో పదకొండో మనిషి చేరిన వారానికే పని అందుకోవాలి. నేర్పేందుకు సమయం లేదు, సొమ్మూ లేదు. కాబట్టి మార్కుల కంటే, స్వయంగా తయారుచేసిన ప్రోగ్రామో, యాప్‌నో చూపమంటారు. చాలాచోట్ల తెలిసినవారు చెబితేనే పిలుపు వస్తుంది. పల్లె విద్యార్థికి చిక్కు ఇక్కడే. చేతిలో పని ఉన్నా, చెప్పే మనిషి ఉండడు. జీతంలో కొంత కంపెనీ వాటాలుగా ఇస్తామనేవారూ ఉన్నారు. కంపెనీ నిలిస్తే అది ఆస్తి, మూతపడితే కాగితం.

ఇంటర్‌తోనే మరో దారి

గన్నవరం సమీపంలో ప్రాంగణం ఉన్న హెచ్‌సీఎల్ 2017లో 'టెక్‌బీ' ప్రారంభించింది. ఇంటర్ పూర్తిచేసినవారికి శిక్షణనిచ్చి, ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదివే వీలు కల్పిస్తోంది. చేరేముందు ఫీజు షరతులు చదువుకోవడం మంచిది. తమిళనాడుకు చెందిన జోహో ఇంటర్, డిప్లొమా విద్యార్థులకు స్టైపెండ్ ఇచ్చి మరీ పని నేర్పుతోంది.

ఆఫర్ లెటర్ వచ్చిందని అప్పు చేయడం తొందరపాటే. 2022లో చదువు ముగించినవారిలో పలువురు ఎంపికయ్యాక కూడా చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. కాలేజీలు పరీక్షల కోచింగ్‌తో సరిపెట్టక, ప్రతి విద్యార్థి చేత చూపించదగ్గ పని ఒక్కటైనా చేయించాలి. జల్లెడలో జారిపోయినవాడికి గీటురాయి ముందు నిలిచేందుకు అదే ఆధారం.