దాచిపెట్టడం స్నేహం కాదు

హాస్టల్స్‌లో ఎక్కడా రాసిపెట్టని రూల్ ఒకటుంది: "ఎవరికీ చెప్పొద్దు." ఒకడు గంజాయికి అలవాటు పడితే ఫ్లోర్ మొత్తానికి తెలుస్తుంది, ఇంట్లోవాళ్లకి తప్ప. చెప్తే పోలీస్ కేసు అవుతుందని, ప్లేస్‌మెంట్ పోతుందని భయం. భయం సహజమే. కానీ ఒంట్లో ఏం జరుగుతుందో, చట్టంలో ఏముందో తెలిస్తే ఆ రూల్ ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది.

మనకి ఆనందం కలిగినప్పుడు మెదడులో డోపమిన్ విడుదలవుతుంది. మత్తు పదార్థాలు దాన్ని ఒక్కసారిగా పెంచేస్తాయి. పదే పదే అలా జరిగితే మెదడు తన స్పందన తగ్గించుకుంటుంది. అప్పుడు నిన్నటి డోసు ఇవాళ చాలదు. క్రికెట్, సినిమా, అమ్మ చేసిన గోంగూర పచ్చడి, అన్నీ చప్పగా అనిపిస్తాయి. చివరికి సరదా కోసం కాదు, మామూలుగా ఉండటానికే అది కావాలి. పైగా "ఇక చాలు, ఆగు" అని చెప్పాల్సిన మెదడు ముందు భాగం దాదాపు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. అంటే మన వయసులో బ్రేకులు ఇంకా పూర్తిగా బిగించలేదన్నమాట.

మా క్రోసూరులో "మందు" అంటే మూడు అర్థాలు: మిర్చి చేనుకి కొట్టేది, జబ్బుకి వేసుకునేది, సాయంత్రం తాగేది. మొదటి రెండింటికీ మోతాదు అడుగుతారు. మూడోదానికి ఎవరూ అడగరు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు. అయినా పార్టీల్లో పందేలు కట్టి తాగుతారు. చన్నీళ్లు పోస్తేనో, కాఫీ తాగిస్తేనో మత్తు దిగదు, లివర్ తన వేగంతోనే పని చేస్తుంది. లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే "పడుకుంటే దిగిపోతుందిలే" అని వదిలేయకండి. వాంతి గొంతుకి అడ్డుపడి ప్రాణం పోవచ్చు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి. మందుతో నిద్రమాత్రలు కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక చట్టం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కిలో వరకు గంజాయి "చిన్న పరిమాణం". కానీ శిక్ష చిన్నదేం కాదు: ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "ఫ్రెండ్ కోసం తెచ్చా" అన్నా తప్పించుకోలేం. అయితే అదే చట్టంలో 64-ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న పరిమాణం దొరికినందుకో కేసులో ఉన్న బానిస తనంతట తానే ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే, అతన్ని ప్రాసిక్యూట్ చేయరు. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. అంటే బయటపడాలనుకునేవాడికి చట్టమే తలుపు తెరిచి పెట్టింది.

నోరు విప్పితే ఏం జరుగుతుందో మన రాష్ట్రం ఒకసారి చూసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు అప్పటిదాకా ఇంటి గుట్టు అనుకున్న సారా బాధని పదిమందిలో మాట్లాడారు. అది 1992లో పెద్ద ఉద్యమమైంది, 1993లో సారా నిషేధం వచ్చింది.

మనం ఉద్యమం చేయక్కర్లేదు. రూమ్మేట్ క్లాసులు మానేస్తున్నా, ఊరికే అప్పులు చేస్తున్నా పక్కన కూర్చుని అడిగితే చాలు. వ్యసనం నుంచి బయటపడటానికి సలహా కావాలంటే 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416, గంజాయి అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి మన రాష్ట్ర ఈగల్ నంబర్ 1972. ఇవి ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రోజూ తాగేవాడిని ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, తోడుగా మీరూ వెళ్లండి.