వెల లేని సాఫ్ట్‌వేరు, వెనుకనున్న శ్రమ

కంప్యూటరు నుపయోగించు విద్యార్థులలో పెక్కుమంది ఏదో ఒకనాడు వెల చెల్లింపక ఒక సాఫ్ట్‌వేరును దింపుకొని వాడినవారే. దానిని నిర్మించినవారెవరు, వారికి జీవనోపాధి యేమి అను ప్రశ్న మాత్రము సాధారణముగా తోచదు. ఏదో పెద్ద కంపెనీ తన ప్రచారము కొరకు పంచిపెట్టినదని తలతుము. అది అన్నివేళల నిజము కాదు. కొన్నింటి వెనుక ఒకే వ్యక్తి ఏండ్ల తరబడి కూర్చుండి పనిచేయుచుండును. అట్టి స్వతంత్ర నిర్మాత జీవితము ఎట్లుండునో ఇచట వివరింపదలచినాము.

ముందుగా ఒక మాట. మనుష్యుడు చదివి దిద్దగల రూపమున ప్రోగ్రామును వ్రాయుదురు. దానిని సోర్సుకోడు అందురు. యంత్రము నడుపునది దానినుండి తయారైన రూపము. పెక్కు కంపెనీలు ఈ రెండవదానిని మాత్రమే మనకిచ్చును. హకీముగారు మందు పొట్లము చేతికిచ్చి, నుస్ఖాను తమవద్దనే దాచుకొనుట వంటిది ఇది. 1983లో అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించి, సోర్సుకోడును చదువుటకు, మార్చుటకు, పదుగురికి పంచుటకు వాడుకరికి హక్కుండవలెనని వాదించినారు. 1989లో ఆ హక్కులు జీపీఎల్ అను లైసెన్సుగా రూపొందినవి. 'ఓపెన్ సోర్సు' అను పేరు 1998లో వచ్చినది. జీపీఎల్ అమ్మకమును నిషేధింపదని గమనింపవలెను. స్వేచ్ఛ వేరు, ఉచితము వేరు.

ఇక దృష్టాంతమునకు వత్తము. 2006లో సోనీ కంపెనీ పీఆర్ఎస్-500 అను ఎలక్ట్రానిక్ పుస్తక పఠన సాధనమును విడుదల చేసినది. దానిలోనికి పుస్తకములను ఎక్కించు సాఫ్ట్‌వేరు లినక్సుపై నడువదు. అప్పుడు కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో భౌతికశాస్త్ర పరిశోధన చేయుచున్న కోవిద్ గోయల్ అను భారతీయుడు లినక్సు వాడుకరి. కొన్న సాధనము తన కంప్యూటరుతో పలుకకున్న, పలికించుటకు తానే పూనుకొన్నారు. ఇతర ఔత్సాహికుల తోడ్పాటుతో ఆ సాధనపు గుట్టు విప్పి, ఆ యేడు అక్టోబరు 31న ఒక చిన్న ప్రోగ్రామునకు శ్రీకారము చుట్టినారు. లిబ్‌పీఆర్ఎస్500 అను దాని మొదటి పేరు నోరు తిరుగనిది. 2008లో 'కాలిబర్' అని మార్చినారు. స్వేచ్ఛ అను అర్థము గల 'లిబ్రె' అను మాట ఆ పేరులో దాగియున్నది.

నేడు కాలిబర్ విండోసు, మాక్, లినక్సు మూడింటిపైనను నడుచు సొంత గ్రంథాలయము. పుస్తకముల పట్టికను కూర్చును. ఒక రూపములోని పుస్తకమును వేరొక సాధనమునకు తగిన రూపములోనికి మార్చును. వార్తాపత్రికలను దింపి పుస్తకముగా కట్టి యిచ్చును. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క చిన్న కోడు కావలెను. వానిలో అనేకము పాఠకులే వ్రాసి పంపినవి. కోడు తెరచియుండుటచేతనే ఇది సాధ్యమైనది.

క్రొత్త సౌకర్యములను కల్పించుట ఈ వృత్తిలో చిన్న భాగమనియే చెప్పవలెను. కాలిబర్‌కు ఏండ్ల తరబడి ఇంచుమించు వారమునకొక క్రొత్త కూర్పు వెలువడినది. వచ్చిన ఫిర్యాదులను చదువుట, దోషము ఎక్కడనో వెదకుట, దిద్దుట, మరల మూడు రకముల కంప్యూటర్లకు వేర్వేరుగా సిద్ధపరచుట. ఇంతలో కాళ్ల క్రింది నేలయే కదలుచుండును. కాలిబర్ ముఖ్యముగా పైథాన్ భాషలో వ్రాయబడినది. ఆ భాష రెండవ తరమునకు మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయినది. పదునాలుగేండ్లుగా పేరుకొన్న కోడును మూడవ తరమునకు మార్చవలసి వచ్చినది. 2020 సెప్టెంబరులో 5.0 కూర్పు ఆ మార్పుతో వెలువడినది. ఇంత శ్రమలో వాడుకరి కంటికి కనబడునది స్వల్పము. పైగా, ఇతరులు వ్రాసిన అనుబంధములు కొన్ని తిరిగి వ్రాయువరకు పనిచేయకపోయినవి.

ధనము మాట కూడ చెప్పవలెను. ఉచితముగా పంచువాడు తాను మాత్రము చెల్లింపవలసియుండుట చిత్రము. ఆపిల్ కంపెనీ ధ్రువీకరణ పొందవలెనన్న నిర్మాత ఏటేట 99 డాలర్లు కట్టవలెను. ధ్రువీకరణ లేనిచో, 2019 నాటి కాటలీనా మొదలుకొని, మాక్ కంప్యూటరు ఆ ప్రోగ్రామును తెరచువానిని హెచ్చరించి అడ్డగించును. తెలియని వాడుకరి భయపడి మానుకొనును. రాబడి మాత్రము చందాలు, విరాళములు. ఆర్డర్ అను ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరును నిర్మించిన పాల్ డేవిస్ మరియొక మార్గము పట్టినారు: సోర్సుకోడు అందరికి తెరచియుండును, సిద్ధముచేసిన రూపమునకు మాత్రము వెల. ఈయన అమెజాన్ కంపెనీ తొలి ప్రోగ్రామర్లలో ఒకరు. వెల పెట్టుట తప్పు కాదని మా అభిప్రాయము. లైసెన్సే దానికి అనుమతించుచున్నది.

విరాళములపై బ్రతుకుట ఎంత కష్టమో జర్మనీకి చెందిన వెర్నర్ కోఖ్ చరిత్ర తెలుపును. ఉత్తరములను రహస్యలిపిలోనికి మార్చు గ్నూపీజీని ఆయన 1997లో మొదలిడినారు. ప్రపంచమంతట పాత్రికేయులు దానిని నమ్ముకొనియుండగా, ఆయన చేతిలో ధనము అడుగంటినదని 2015 ఫిబ్రవరిలో ప్రోపబ్లికా పత్రిక వెల్లడించినది. వెంటనే విరాళములు వెల్లువెత్తినవి. ఫేస్‌బుక్, స్ట్రైప్ కంపెనీలు ఒక్కొక్కటి ఏటికి 50,000 డాలర్లు ఇత్తుమని ముందుకు వచ్చినవి. పదునెనిమిదేండ్ల సేవ తేలేనిదానిని ఒక వార్త తెచ్చినది!

మన కళాశాలలో ఇట్టి సాఫ్ట్‌వేరును వాడునెడల, ఏటి బడ్జెటులో దాని నిర్మాతకు కొంత మొత్తము కేటాయింపుమని కమిటీవారిని కోరుచున్నాము. విద్యార్థులు ధనము లేకయే చేయదగినది ఒకటి కలదు. ఉర్దూ కుడినుండి ఎడమకు నడుచును. తెలుగున వత్తులు అక్షరము క్రిందికి చేరును. ఈ రెండు లిపులను చదువగల నిర్మాత దొరకుట అరుదు. మన విద్యార్థులలో రెండును చదువగలవారు కలరు. పుస్తకము మార్చినప్పుడు వత్తు చెదరినను, ఉర్దూ పంక్తిలో అంకెలు తారుమారైనను నిర్మాతకు తెలుపవచ్చును. 'పనిచేయుటలేదు' అని వ్రాసిన ప్రయోజనము లేదు. ఏ కూర్పు, ఏ కంప్యూటరు, ఏ మీట నొక్కగా ఏమి జరిగినది, ఏమి జరుగవలసియున్నది అను నాలుగు సంగతులు వ్రాసి, చెదరిన పుట బొమ్మను, మూల ఫైలును జతపరుపవలెను.