ఆక్సాలిప్లాటిన్ కీమో: చలితో జాగ్రత్త, తిమ్మిరితో మరింత జాగ్రత్త

కీమో అనగానే ఇంట్లో అందరికీ ముందుగా వచ్చే భయం జుట్టు గురించే. పెద్దపేగు క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే ఆక్సాలిప్లాటిన్‌తో జుట్టు కాస్త పలచబడవచ్చు గానీ, మొత్తం ఊడిపోవడం అరుదు. ఈ మందు దెబ్బ ఎక్కువగా పడేది నరాల మీద. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

ఇది ప్లాటినం లోహంతో చేసిన మందు. 1976లో జపాన్‌లోని నగోయా సిటీ యూనివర్సిటీలో యోషినోరి కిడానీ దీన్ని రూపొందించారు. క్యాన్సర్ కణంలోని డీఎన్ఏకు అతుక్కుని, ఆ కణం రెండుగా చీలకుండా అడ్డుకుంటుంది. సాధారణంగా రెండు వారాలకోసారో, మూడు వారాలకోసారో సుమారు రెండు గంటలపాటు సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. దీన్ని కలిపేది మాత్రం ఉప్పునీటి సెలైన్‌లో కాదు, గ్లూకోజు నీళ్లలో. షుగర్ ఉన్నవాళ్లు ఆ సంగతి నర్సుకు ముందే గుర్తుచేయడం మంచిది.

మందు ఎక్కిన కొన్ని గంటల్లోనే చల్లనిది ఏది తగిలినా వేళ్లకు, పెదవులకు సన్నగా కరెంటు కొట్టినట్టు ఉంటుంది. ఫ్రిజ్‌లోని పెరుగు గిన్నె, ఉదయం పూట స్టీలు చెంబు, చెప్పులు లేకుండా నడిచే గచ్చు, ముఖం మీదికి వీచే ఏసీ గాలి, అన్నీ ఇబ్బందే. మొదటి ముద్ద నమిలేటప్పుడు దవడ పట్టేయవచ్చు. చల్లని నీళ్లు గుటక వేస్తే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడనట్టు అనిపించవచ్చు. నిజానికి గాలి ఆడుతూనే ఉంటుంది, తగ్గిపోయే లక్షణమే. అయినా ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం ఉంటే అది అలర్జీ కావచ్చు. నాలుగైదు సార్లు ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కినవాళ్లకూ ఆ తర్వాత అలర్జీ రావచ్చు. కాబట్టి ఊపిరి ఇబ్బంది ఏ రకమైనదైనా వెంటనే ఆసుపత్రికి చెప్పాలి.

చలి బాధ ఎక్కువమందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. అందాకా గోరువెచ్చని నీళ్లు, కాళ్లకు మేజోళ్లు, ఫ్రిజ్‌లోవి తీసివ్వడానికి ఇంకో మనిషి ఉంటే చాలు.

అసలు చిక్కు రెండో రకం తిమ్మిరితో. డోసులు పెరిగేకొద్దీ చలితో పనిలేకుండానే వేళ్లు, పాదాలు మొద్దుబారతాయి. తర్వాతి డోసు నాటికి కూడా అది తగ్గదు. చొక్కా గుండీలు పట్టవు, నోట్లు లెక్కపెట్టలేరు, సంతకం మారిపోతుంది. (మన శాఖలకు వచ్చే ఖాతాదారుల్లోనూ ఇలాంటివారు ఉంటారు. సంతకం చేయలేని రోగి ఇద్దరు సాక్షుల సమక్షంలో వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చని, ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలని మనకు తెలిసిందే.) చాలామంది రోగులు ఈ తిమ్మిరిని దాచిపెడతారు. చెబితే కీమో ఆపేస్తారేమో, జబ్బు తిరగబెడుతుందేమో అని భయం. డాక్టరు చేతిలో దారులు చాలా ఉన్నాయి. డోసు తగ్గించవచ్చు, కొన్నాళ్లు వాయిదా వేయవచ్చు, ఆక్సాలిప్లాటిన్ ఒక్కటే ఆపి మిగతా మందులు కొనసాగించవచ్చు. 12,000 మందికి పైగా రోగుల వివరాలతో 2018లో వెలువడిన ఐడియా అధ్యయనం ప్రకారం, మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌లో ముప్పు తక్కువగా ఉన్న కొందరికి 6 నెలల బదులు 3 నెలల చికిత్స దాదాపు సరిపోయింది, నరాల నష్టమూ బాగా తగ్గింది. అది అందరికీ వర్తించదు. మనకు వర్తిస్తుందా అని అడగడంలో మాత్రం తప్పు లేదు.

మందు ఆపాక కూడా కొన్ని నెలలు తిమ్మిరి పెరగవచ్చు. తర్వాత చాలామందికి మెల్లగా తగ్గుతుంది, కొందరికి ఎంతో కొంత మిగిలిపోతుంది. అందుకే గుండీ పెట్టుకోవడం కష్టమైన రోజునే చెప్పాలి. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు కాబట్టి పొయ్యి దగ్గర పని వేరొకరు చూసుకోవాలి.

ఎక్కించేటప్పుడు సూది చోట మంట, వాపు వస్తే ఆ క్షణమే నర్సును పిలవండి. మామూలు వాపు అనుకుని ఐసు పెట్టకండి.

వాంతులకు, విరేచనాలకు మందులు ముందే రాసిస్తారు. జ్వరం సంగతి వేరు. తెల్ల రక్తకణాలు తగ్గిన రోజుల్లో థర్మామీటరు 100.4 ఫారన్‌హీట్ చూపితే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దాం అనుకోకూడదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరాలి. కీమో కాగితాలు, ఆసుపత్రి అత్యవసర ఫోన్ నంబరు ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.