చిక్కుడుగింజలును పాలవిరుగుడును: ఈజిప్టు రైతుల సలాడు

మార్గశిర పుష్యమాసములలో మన గ్రామములందు రెండు వస్తువులు ఒక్కమాఱే విస్తారముగా వచ్చును. పెరటి పందిళ్లమీదను పొలముగట్ల వెంబడిని చిక్కుడు విరగగాయును. వర్షకాలమున ఈనిన గేదెలు నిండుగా పాలిచ్చుచుండును. సరకు విస్తరించినప్పుడు ధర తగ్గుట అందఱెఱిగినదే. తెల్లవారుజామున గంప నెత్తికెత్తుకొని విశాఖపట్టణమునకు బస్సెక్కు రైతు ద్వారకా బస్ స్టేషనులో దిగి, ద్వారకానగర్ వీధులలోనో రైతుబజారులోనో మధ్యాహ్నము వఱకు కాయలమ్మును. ఎండ ముదిరి కాయ వాడిన పిమ్మట మిగిలినదానిని అడిగిన ధరకు వదలివచ్చును. పాలు కేంద్రమునకు పోవును. ఇంటిలోని పిల్లలకు మిగులునది పలుచని చారును అన్నమును మాత్రమే. పండించినవాని యింట పండినవస్తువు లేకుండుట ఎంతమాత్రము మంచి పద్ధతి కాదు.

ఇదే రెండువస్తువులతో నైలునదీతీరమున నున్న కాపువాండ్రు నిత్యమును తినుచుండు పదార్థ మొకటి కలదు. ఈజిప్టుదేశమును మనలో మిషనుబడులలో చదివినవారు ఐగుప్తు అను పేరుతో వినియుందురు. ఆ దేశమున కూడ మనవలెనే గేదెలు విశేషము. గింజలలో వారికి ముఖ్యమైనది బాకలా యని హిందీవారు పిలుచు పెద్ద చిక్కుడు. దానిని వారు ‘ఫూల్’ అందురు. ఎండుగింజలను రాత్రియంతయు సన్ననిసెగపై నుడికించి ప్రొద్దున రొట్టెతో తినుట వారి వాడుక. లేతగింజలు దొరకుకాలమున మాత్రము వానిని తెల్లని ఉప్పుజున్నుతోను, ఉల్లికాడలతోను, పుదీనాతోను కలిపి, నిమ్మరసము పిండి, కొంచెము నూనె వేసికొని తినెదరు. దీనినే పట్టణములలో సలాడు అనుచున్నారు. మన శ్రీరామనవమి వడపప్పు ఎట్టిదో ఇదియు నట్టిదే యనుకొనవచ్చును. గింజ నానవేయుటకు బదులు ఉడికింపవలసియుండుట యొక్కటే భేదము.

జున్ను అనగా మన ప్రాంతమున ఈనిన గేదె మొదటిపాలతో వండునది. ఇక్కడ చెప్పునది అది కాదు. పాలను విఱిచి, నీరు వడగట్టి, మిగిలిన గడ్డను ఉప్పువేసి యుంచినది. ఈజిప్టులో దుమ్యాత్ రేవుపేరుతో ప్రసిద్ధమైన జున్ను కలదు. దానికి ఉప్పు పాలలోనే ముందుగా కలుపుదురు. ఇది యితరదేశముల జున్నులందు సాధారణముగా కానరాని పద్ధతి. బీదరైతు లిండ్లలో చేసికొనునది మఱియొకటి, ‘అరీష్’ అనునది. మట్టికుండలలో పాలు తోడుకొననిచ్చి, పైకి తేలిన మీగడను వెన్నకై తీసికొని, క్రిందిపెరుగును రెల్లుచాపలపై పోసి నీరు కార్చి, ఉప్పు చల్లుదురు. వెన్న అమ్మకమునకును, జున్ను ఇంటికిని పోవును. ఈ యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. నేయి అమ్ముకొను మన గృహిణులు కూడ ఇట్లే చేయవచ్చును.

బాకలాగింజలు మన జిల్లాలలో లేవని విచారింప నక్కఱలేదు. నగరమున పెద్దదుకాణములలో డబ్బాగింజలును, పరదేశపు జున్నును, ఆలివునూనెయు అమ్ముచుందురు. వానిని కొని చేయుటలో రైతునకు ప్రయోజనము లేదు. మన చిక్కుడు అంతకన్న తక్కువది కాదు. చిక్కుడునకు వృక్షశాస్త్రజ్ఞులు వాడు ‘లబ్‌లబ్’ అను పేరు ఈజిప్టునుండియే వచ్చినది. ప్రోస్పెరో ఆల్పినీ యను ఇటలీ వైద్యుడు ఆ దేశమునకు పోయి అక్కడి మొక్కలనుగూర్చి 1592లో ప్రకటించిన గ్రంథమున ఈ తీగను ఆ పేరుతో వర్ణించినాడు. కాబట్టి మన పందిరి చిక్కుడు ఆ దేశపు పెరళ్లకు కొత్తది కాదు.

బాకలాకు బదులు చిక్కుడు వాడుమని చెప్పుటకు వేఱొక బలమైన కారణము కూడ నున్నది. కొందఱి రక్తకణములలో జి6పిడి యను ద్రవ్యము పుట్టుకనుండియే కొఱతగా నుండును. అట్టివారు బాకలాగింజలు, ముఖ్యముగా పచ్చివి, తినినచో ఒకటి రెండు దినములలో ఎఱ్ఱకణములు పగిలిపోయి, కన్నులు పచ్చబడి, మూత్రము నల్లబడి, ఆయాసము పుట్టును. చిన్నపిల్లలకు ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. మలేరియా చిరకాలముగా నున్న ప్రదేశముల ప్రజలలో ఈ కొఱత హెచ్చుగా కానవచ్చును. మన మన్యప్రాంతము మలేరియాకు పేరుపడినదే గదా. ఈ కొఱత యున్నట్లు వైద్యులచే తెలిసికొనినవారును, మలేరియామందు పుచ్చుకొనినప్పుడు కామెర్లు వచ్చినవారును బాకలాను ముట్టరాదు. ఇతరమైన చిక్కుళ్లనుగూర్చియు వైద్యుని అడిగి తినుట మేలు.

ఇక గింజనుగూర్చి చెప్పెదను. మన నాటు పందిరిచిక్కుడు పగలు తగ్గినప్పుడే పూచును. ఆషాఢమున నాటినను శ్రావణమున నాటినను కార్తీకము రానిదే పూత నిండుగా పట్టదు. మాఘమాసమున రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించు మన యాచారము ఈ కాపు కాలమును బట్టియే యేర్పడినదని నా యూహ. పగటి నిడివితో నిమిత్తము లేక కాయు పొట్టిరకములు కూడ నేడు కలవు. బెంగుళూరి ఉద్యాన పరిశోధనసంస్థవారి అర్క జయ్, అర్క విజయ్ అట్టివి. అయితే ఇవి కాయకూరకు మిక్కిలి యుపయోగము. గింజకొఱకైతే నాటువిత్తనమునందు బొద్దుగింజ గల పాదునే ఎన్నుకొనుడు.

కాయపై గింజ ఉబ్బి స్పష్టముగా కనబడవలెను, తొక్క ఇంకను పచ్చగా నుండవలెను. ఆ యదను రెండుమూడు దినములే యుండును. లేతకాయలో గింజ నీరై పోవును. ముదిరినదానిలో పైపొర తోలువలె నుండి పంటికి తగులును. ఉదయమున మంచు ఆరిన పిమ్మట కోసి, నీడను ఒలిచి, ఆ దినమే వండవలెను. పచ్చిగింజలోని తీపి నిలువయున్నకొలది పిండిగా మాఱును. అందుచేతనే నిన్నటి గింజకు ఆ రుచి రాదు. పేనుబంకకు మందు చల్లిన పాదునుండి, ఆ మందుడబ్బాపై వ్రాసిన గడువు తీరువఱకు ఒక్క కాయయు కోయరాదు. ఈ విషయమున మనవారు చూపు అశ్రద్ధ క్షమింపరానిది. అమ్మకమునకు పోవు కాయకు ఒక నియమము, ఇంటికాయకు ఒక నియమము ఉండకూడదు.

నలుగురికి సరిపోవునట్లు చేయుటకు ఒలిచిన పచ్చిగింజలు పావుకిలో, గేదెపాలు ఒక లీటరు కావలెను. మొదట జున్ను చేసికొనవలెను. పాలను పొంగువచ్చువఱకు కాచి, దించి, రెండుమూడు నిముషములు ఆగవలెను. పచ్చిపాలతో జున్ను చేయుట ఎన్నడును పనికిరాదు. పశువులకు ఈచుకొనిపోవు రోగము కలిగించు సూక్ష్మజీవులు పచ్చిపాలద్వారా మనుష్యులకు సంక్రమించి మాసములకొలది జ్వరమును, కీళ్లనొప్పులను తెచ్చును. మాల్టాద్వీపమున ఆ జ్వరమునకు మేకపాలే కారణమని 1905లో కనుగొనిరి. ఒక్క పొంగుతో తీరు ప్రమాదమును నెత్తిన తెచ్చిపెట్టుకొననేల?

పెద్ద నిమ్మకాయరసమును అంతే వేడినీటిలో కలిపి, పాలను మెల్లగా కలియబెట్టుచు కొంచెము కొంచెముగా పోయవలెను. గడ్డలు విడివడి, నీరు తేటపడి కొంచెము పచ్చనిఛాయకు రాగానే రసము పోయుట మానవలెను. ఇంకను పోసినచో జున్ను పులుపెక్కి గట్టిపడును. పలుచని గుడ్డలో వడగట్టి, కాచి చల్లార్చిన నీటితో ఒకమాఱు కడిగి, అరగంట వ్రేలాడదీసి, తరువాత గుడ్డతోనే పీటక్రింద నుంచి, పైన చెంబెడునీళ్ల బరువు పెట్టవలెను. గేదెపాలు లీటరునకు సుమారు 200 గ్రాములు వచ్చును. ఆవుపాలకు అంతకు తగ్గును. దీనిని చిదిపి, చిన్నచెంచాడు ఉప్పు కలిపి గంటసేపుంచినచో ఈజిప్టుజున్ను రుచికి దగ్గఱపడును. అరీష్ పద్ధతి కావలసినవారు, కాచినపాలు తోడుపెట్టి, మీగడ తీసిన పెరుగును రాత్రి గుడ్డలో మూటగట్టి వ్రేలాడదీయవచ్చును. చలికాలమున ఇది చక్కగా కుదురును. వేసవిలో తెల్లవారునప్పటికి పుల్లబడిపోవును. వడగట్టిన నీటిని పాఱబోయకుడు. రొట్టెపిండి దానితో తడిపినచో మెత్తగా నుండును. మిగిలినది కుడితిలో కలుపవచ్చును.

గింజలను తెర్లుచున్న నీటిలో వేసి, మూతలేకుండ పదిపండ్రెండు నిముషములు ఉడికింపుడు. వ్రేళ్లమధ్య నొక్కినచో అణగవలెను గాని చిదికిపోరాదు. పచ్చిచిక్కుడుగింజను ఉడికింపక తినరాదు; అందలి కొన్ని దోషద్రవ్యములు మరుగునీటిచేతనే పోవును. కావున ఉడికించిన నీటిని వంచివేసి, గింజలను పళ్లెమున పలుచగా పఱచి ఆరబెట్టవలెను. పెద్దగింజల పైపొరను గోటితో గిల్లి నొక్కినచో లోపప్పు జారివచ్చును. పిల్లలకు పెట్టునప్పుడు ఈ శ్రమపడుట మంచిది, పెద్దలకు అక్కఱలేదు.

ఆరిన గింజలలో సన్నగా తఱిగిన ఉల్లికాడలు రెండు, గుప్పెడు పుదీనాయాకు, కొంచెము కొత్తిమీర, దోరగా వేచి నలిపిన జీలకఱ్ఱ అరచెంచాడు, రెండుచెంచాల నువ్వులనూనె కలుపవలెను. వారు శతపుష్పజాతి సోయకూర కూడ వేయుదురు, దొరకినవారు వేసికొనవచ్చును. నూనె గానుగది పచ్చిదియే మేలు. వారి ఆలివునూనె స్థానమున ఇది చక్కగా ఇముడును. పచ్చిమిఱపకాయ వారి వాడుక కాదు. అది లేనిదే ముద్ద దిగనివారు ఒకటి సన్నగా తఱిగి వేసికొన్నను తప్పులేదు. జున్నును చివరను పైన చిలుకరించి, ఒక్కమాఱు మాత్రము తిరుగవేయుడు; మాటిమాటికి కలిపినచో అంతయు ముద్దయగును. నిమ్మరసము వడ్డించునప్పుడే పిండవలెను. ముందుగా పిండిన పులుపుచేత గింజల ఆకుపచ్చ చెడి, మాసినరంగు వచ్చును. ఉప్పు జున్నులోనే యున్నది గావున చూచి వేయుడు.

దీనిని జొన్నరొట్టెతోగాని, చోడిపిండిరొట్టెతోగాని తినవచ్చును, అన్నముతోను బాగుండును. ధాన్యములలో తక్కువగా నుండు మాంసకృత్తులభాగము పప్పుగింజలలో నుండును. గింజలలో కొఱతగా నున్నది పాలలో దొరకును. మూడును ఒక విస్తరిలో పడినప్పుడు ఎదుగు పిల్లలకును, బాలింతలకును మాంసము లేని లోటు చాలవఱకు తీఱును.

చిక్కుడు కాపు లేనికాలమున అరకు, చింతపల్లి కొండలలో పండు రాజ్మాగింజలు వాడవచ్చును. విశాఖపట్టణము ప్రధానస్థానముగా 1956లో ఏర్పడిన గిరిజన సహకారసంస్థ వీనిని గిరిజనరైతులయొద్ద కొనుచున్నది. అయితే రాజ్మా విషయమున విశేషజాగ్రత్త కావలెను. సరిగా ఉడుకని రాజ్మాలో విషపదార్థముండును. నాలుగైదు పచ్చిగింజలు తినినను కొద్దిగంటలలో వాంతులును విరేచనములును పట్టుకొనును. రాత్రియంతయు నానవేసి, ఆ నీరు పాఱబోసి, కొత్తనీటిలో తెర్లుచు అరగంటకు తక్కువకాకుండ ఉడికించి, పిదప మెత్తబడువఱకు వండవలెను. సన్ననిసెగపై మరుగకుండ ఉంచినచో విషము తగ్గుటకు బదులు హెచ్చగును. ఈజిప్టువారు బాకలాను రాత్రి సన్నసెగపై నుంచుదురని పైన వ్రాసితిని. ఆ పద్ధతిని రాజ్మాకు పట్టింపరాదు.

కొన్ని మహిళాసంఘములవారు ఇట్టి సలాడును పొట్లములు కట్టి ద్వారకానగర్ వంటి చోట్ల కచేరీలకును దుకాణములకును వచ్చు జనులకు అమ్మవచ్చునా యని యోచింపవచ్చును. తొందరపడవద్దని నా సలహా. ఉడికినగింజ, తడిజున్ను, పచ్చియాకు, ఈ మూడును కలిసిన పదార్థము సముద్రతీరపు ఉక్కలో రెండుగంటలకు మించి బయట నిలువదు. మంచుపెట్టె, శుభ్రమైన వంటచోటు, 2006 నాటి ఆహారభద్రతాచట్టము క్రింద నమోదు, ఇవి లేక అమ్మినచో ఒక్కదినపు వాంతులతో సంఘము పేరు పోవును. దానికన్న ఉదయమే ఒలిచిన గింజలను పొడిగా, తడితగులకుండ, తూకము వేసి అమ్ముట తేలిక. పట్టణపు గృహిణికి ఒలుచుటకు తీరిక లేదు. ఆ శ్రమకు ఆమె ధర యిచ్చును. గింజల నడుమ పుచ్చులుండరాదు. ఒలిచిన తొక్కలను ఇంటియొద్దనే యుంచి అదేదినము పశువులకు వేయవలెను. కుప్పపడి వేడెక్కి బూజుపట్టినవి మాత్రము ఎరువుగుంటలోనికే పోవలెను.