అంతస్తులు పెరుగుతున్నాయి, అంబులెన్సుకు దారేదీ?

మన హైదరాబాదు పడమటి వైపు రోజురోజుకూ పెరుగుతోంది. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేట వైపు తిరిగేవారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. ఒకప్పుడు పొలాలు, బండరాళ్లు కనిపించిన చోట నేడు ముప్పై, నలభై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో వేలం వేసిన ప్రభుత్వ భూమి ధర ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. అంత పెట్టి కొన్నవారు అందులో వీలైనన్ని ఇళ్లు కట్టాలనే చూస్తారు.

ఇళ్లు కావాలి, సందేహం లేదు. చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చే కుటుంబాలకు నీడ దొరకాలి. అయితే ఆ ఇళ్ల ముందున్న రోడ్డు సంగతేమిటని అడగడం ఆసుపత్రిలో పనిచేసే మా బాధ్యత అనుకుంటున్నాము. ట్రాఫిక్ జామ్ మిగతావారికి ఆలస్యం. రోగికి ప్రాణాపాయం.

ఒక చిన్న లెక్క

400 ఫ్లాట్లున్న సముదాయం ఒకటి అనుకుందాం. ఇంటికొక కారు చొప్పున 400 కార్లు. వాటిలో సగం ఉదయం ఎనిమిదిన్నరకూ తొమ్మిదిన్నరకూ మధ్య బయలుదేరితే, ఒక్క గేటు నుండే 18 సెకన్లకొక కారు రోడ్డెక్కుతుంది. అదే రోడ్డు మీద అలాంటి సముదాయాలు ఐదుంటే నాలుగు సెకన్లు గడవకముందే ఇంకో కారు వస్తుంది. స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు, డెలివరీ బైకులు ఈ లెక్కలో లేవు.

నిబంధనలు ఏమంటున్నాయి?

చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టవచ్చో ఒక పరిమితి ఉంటుంది. హైదరాబాదులో 2006 నాటి నిబంధనలు ఆ పరిమితిని తీసేశాయి. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో కూడా ఆ పద్ధతినే కొనసాగించింది. ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలిన ఖాళీ స్థలాన్ని బట్టి ఎత్తుకు అనుమతి ఇస్తారు. గేటు ముందు రోడ్డు వెడల్పుగానే ఉండవచ్చు. అర కిలోమీటరు పోయాక అది పాత ఊరి సందులో కలిస్తే ఏమి లాభం?

20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి అవసరమని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెప్పింది. అయితే భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి పక్క వీధివారి మాట వినే వేదిక అక్కడ లేదు. 2017లో మొదలైన మెట్రో రైలు కూడా ఈ వైపు రాయదుర్గం దాకానే వచ్చి ఆగింది. ఆ పైన ఉన్నవారికి సొంత వాహనమే దిక్కవుతోంది.

నిమిషాల విలువ

పక్షవాతం వచ్చినప్పుడు పెద్ద రక్తనాళం మూసుకుపోతే మెదడులో నిమిషానికి దాదాపు 19 లక్షల కణాలు చనిపోతాయని అంచనా. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. స్కానింగ్ కూడా ఆ లోపే జరగాలి. గుండెపోటులోనూ రక్తనాళం ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంత మిగులుతుంది.

మనం చేయగలిగినవి

1. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే "కాసేపు చూద్దాం" అని ఆగవద్దు. రోగి స్వయంగా బండి నడపకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

2. మూతి వంకర పోవడం, చేయి లేవకపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. అవి ఎన్ని గంటలకు మొదలయ్యాయో రాసిపెట్టుకోండి. సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి.

3. నెలలు నిండుతున్న గర్భిణులు, డయాలసిస్ రోగులు ఉన్న ఇళ్లలో ఆసుపత్రికి రెండు దారులు ముందే చూసుకోవాలి.

4. అపార్టుమెంటు సంఘాలవారు బ్లాకు నంబర్లు రాత్రిపూట కూడా కనిపించేలా రాయించాలి. అంబులెన్సు వస్తుందనగానే వాచ్‌మన్ గేటు తీసి, ఒక లిఫ్టును కిందనే ఆపి ఉంచాలి. ఫైరింజను తిరిగే దారిలో కార్లు నిలపనివ్వకూడదు.

5. ఫ్లాటు కొనేవారు ఆదివారం మధ్యాహ్నం కాకుండా, పనిరోజు ఉదయం తొమ్మిదికి ఆ దారిలో వెళ్లి చూడండి. స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉందా అని అడగండి.

6. సంఘాలన్నీ కలిసి మున్సిపల్ అధికారులకు, ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా విన్నవించండి. ఏ మలుపు వెడల్పు చేయాలో, ఏ దారిలో బస్సు కావాలో, ఎక్కడ ఫుట్‌పాత్ లేదో వివరంగా రాయండి. కొత్త భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వక ముందే అడిగితే ఫలితం ఉంటుంది.

7. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే ఆరు నెలల వరకు జైలు గాని, పది వేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. శిక్షకు భయపడి కాదు, లోపల ఉన్నది మన ఇంటివారే అనుకుని పక్కకు జరగండి.

చివరిగా సంఘ కుటుంబాలకు ఒక మనవి. ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే బండిలో రండి. ఎమర్జెన్సీ గేటు ముందు ఏ వాహనమూ, ఐదు నిమిషాలకైనా, నిలపకండి. ఆ దారి ఎప్పుడు ఎవరికి అవసరమవుతుందో ఎవరికీ తెలియదు.